మోడు నుంచి లేచిన అడవి

హోస్ట్: అక్కా, పెన్సిల్వేనియాలో హోప్‌వెల్ ఫర్నెస్ అనే పాత ఇనుము కొలిమి చుట్టూ ఉన్న ఓక్ అడవి చూసి, దీని మీద మనిషి చెయ్యి పడనే లేదనుకున్నాను.

అతిథి: చెట్ల మొదళ్లు చూశావా? చాలాచోట్ల ఒకే మొదలు నుంచి రెండు మూడు మానులు లేచి ఉంటాయి. గొడ్డలి పడ్డ గుర్తు అది. ఓక్‌ని నరికినా వేరు చావదు, మోడు పక్కనుంచి పిలకలు వేస్తుంది.

హోస్ట్: ఎవరు నరికారు?

అతిథి: ఇనుము కొలిమి వాళ్లు. అది 1771 నుంచి 1883 దాకా నడిచింది. అలాంటి కొలిమికి కట్టెబొగ్గు కోసం రోజుకి ఇంచుమించు ఎకరం అడవి పోయేది. 25, 30 ఏళ్లకి పిలకలు ఎదిగాక మళ్లీ నరికేవాళ్లు.

హోస్ట్: మధ్యమధ్యలో గుండ్రంగా, చదునుగా ఉన్న చోట్లు...

అతిథి: బొగ్గు బట్టీలు పేర్చిన చోట్లే! 30, 40 అడుగుల వెడల్పుంటాయి. ఆకుల కింద మట్టి ఇప్పటికీ నల్లగా ఉంటుంది. నాకు అక్కడ నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది.

హోస్ట్: మరి పాత అడవే తిరిగొచ్చిందా?

అతిథి: లేదు, అదే నా బాధ. అమెరికన్ చెస్ట్‌నట్ ఒకప్పుడు ఈ కొండల్లో పెద్ద చెట్టు. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ శిలీంధ్ర తెగులు దాన్ని కూల్చేసింది. వేరు నుంచి ఇంకా పిలక వేస్తుంది పాపం, కాస్త ఎదగగానే తెగులు మళ్లీ పట్టేస్తుంది. ఇప్పుడు పొడి గట్ల మీద చెస్ట్‌నట్ ఓక్, బ్లాక్ ఓక్, స్కార్లెట్ ఓక్‌లదే రాజ్యం. పేరు కలిసినా చెస్ట్‌నట్ ఓక్ వేరే చెట్టు. కింద ఆమ్లగుణమున్న మట్టిలో హకిల్‌బెర్రీ, బ్లూబెర్రీ, మౌంటెన్ లారెల్ పొదలు.

హోస్ట్: ఓక్ మొలకలు పెద్దగా కనిపించలేదే?

అతిథి: వాటికి వెలుతురు కావాలి. రెడ్ మేపుల్ అనే చెట్టు నీడలోనూ బతుకుతుంది, కానీ దాని బెరడు పల్చన, నిప్పుకి తట్టుకోదు. కార్చిచ్చుల్ని ఆర్పేయడం మొదలయ్యాక దానికి అడ్డు లేకుండా పోయింది. పైగా ఓక్ ఆకు ఎండి ముడుచుకుని చురుగ్గా మండుతుంది, మేపుల్ ఆకు నేలకి అతుక్కుని తేమ పట్టి ఉంటుంది. మేపుల్ పెరిగేకొద్దీ అడవి అంటుకోవడమే కష్టమవుతుంది.

హోస్ట్: మనమే జాగ్రత్తగా నిప్పు పెడితే?

అతిథి: ఒక్కసారి పెడితే చాలదు, మేపుల్ కూడా మోడు నుంచి పిలక వేస్తుంది. పైన కొన్ని చెట్లు తీసి వెలుతురు రానివ్వాలి, కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ కాల్చాలి. అప్పుడు కూడా జింకలు ముందు మేసేది ఓక్ మొలకల్నే.