వంటింటి చిల్లుల గిన్నెతో వైఫై యాంటెన్నా

[దృశ్యం: దేవరకొండ దగ్గర ఒక ఊరు. రాతిగోడల పాత ఇల్లు, వెనక అర్రలో డెస్క్‌టాప్ కంప్యూటర్.]

అందరికీ నమస్తే. ఇది మా చిన్నాయన ఇల్లు. రోడ్డు మీదికి కిరాణా దుకాణం, రౌటర్ అండ్లనే. వెనక అర్రలో మా చెల్లె గ్రూప్స్‌కు చదువుతది. నడుమ వాకిలి, ఆ తర్వాత మూరెడు మందం రాతిగోడ. కంప్యూటర్‌లో సిగ్నల్ ఒక్క గీతే. సారు పాఠం సగంలో ఆగిపోతే, పిల్ల నోట్సులో ఖాళీలు వదిలి రాసుకుంటున్నది. అది చూస్తే పానం ఉసూరుమన్నది. గోడను జరపలేం, కానీ దానికి ఒక కిటికీ ఉంది.

[దృశ్యం: బల్ల మీద మూడు వస్తువులు.]

యూఎస్‌బీ వైఫై అడాప్టర్ (కంప్యూటర్‌కు వైఫై అందించే పెన్‌డ్రైవ్ లాంటి ముక్క), యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్, బియ్యం వడకట్టే స్టీలు చిల్లుల గిన్నె. ఇంతే. పిండి జల్లెడ వద్దు, దానికి లోతుండదు. ప్లాస్టిక్ గిన్నె అసలే వద్దు, అలలు అండ్లకెళ్లి దాటిపోతయి.

"చిల్లులుంటే సిగ్నల్ కారిపోదా బిడ్డా?" అని చిన్నమ్మ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక అల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. చిల్లు అండ్ల పదో వంతు కన్న చిన్నగుంటే, ఆ అలకు గిన్నె నిండు రేకు లెక్కనే.

ఒక సంగతి మనసులో పెట్టుకోండి: గిన్నె సిగ్నల్‌ను పుట్టియ్యదు. అడాప్టర్ అన్ని దిక్కులా వింటది. వెనక గిన్నె పెడితే ఒక్క దిక్కు నుంచి వచ్చేదంతా ఒకచోట కూడుతది. దూరంగ ఉన్నోళ్ల మాట వినాలంటే చెవి వెనక చెయ్యి పెట్టుకుంటం చూడండి, అట్లనే. కంప్యూటర్ పంపే సిగ్నల్ కూడా అటే పోతది.

[దృశ్యం: స్కేలుతో గిన్నె కొలవడం.]

ఆ కూడే చోటు ఎక్కడో లెక్క కట్టొచ్చు. వెడల్పును వెడల్పుతోనే గుణించి, లోతుకు 16 రెట్లతో భాగించాలె. మా గిన్నె వెడల్పు 30 సెంటీమీటర్లు, లోతు 7. అంటే 900ను 112తో భాగిస్తే 8. గిన్నె అడుగు నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున అడాప్టర్ నిలవాలె. మన గిన్నె కచ్చితమైన ఆకారంల ఉండదు కాబట్టి, అక్కడి నుంచి అర అర సెంటీమీటర్ ముందుకు వెనక్కి జరిపి చూడండి. అడాప్టర్‌ను నిలువుగ ఒకసారి, అడ్డంగ ఒకసారి తిప్పి చూసుడు మరువకండి.

కేబుల్ దగ్గర చాలామంది పొరపడతరు. యాంటెన్నా వైరు పొడుగు చేస్తే ఆ దారిలనే సిగ్నల్ కరిగిపోతది. యూఎస్‌బీ కేబుల్‌లో పోయేది డేటా కాబట్టి ఆ బాధ లేదు, కాకపోతే మొత్తం 5 మీటర్లు దాటొద్దు.

[దృశ్యం: కిటికీలో గిన్నె, ముఖం దుకాణం వైపు. తెరపై రీడింగ్.]

సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతల ముందు మైనస్ 81 ఉండే. ఇప్పుడు మైనస్ 69. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మంచిది. 3 పెరిగితే శక్తి రెట్టింపు, 12 పెరిగితే 16 రెట్లు. రాత్రి క్లాసు ఎక్కడా ఆగలేదు. చెల్లె పాత వీడియోలు మళ్లీ పెట్టుకొని నోట్సులో ఖాళీలు నింపుకుంటున్నది.

5 గిగాహెర్ట్జ్ వైఫై గోడల్లో తొందరగ ఆగిపోతది, అందుకే ఈ పనికి 2.4 పెట్టుకోండి. ఈ బ్యాండుకు మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు, కానీ శక్తికి హద్దుంది. యాంప్లిఫయర్లు తగిలించొద్దు. పక్కింటోళ్ల వైఫై అడగకుండ వాడొద్దు.

[దృశ్యం: స్లాబు మీద తుప్పు పట్టిన డీటీహెచ్ డిష్.]

దూరం ఇంకా ఎక్కువుంటే, రీచార్జి ఆపేసిన డిష్ మీ స్లాబు మీద ఉండే ఉంటది. ముందున్న ఎల్ఎన్‌బీ (డిష్ కూడగట్టిన సిగ్నల్‌ను అందుకునే డబ్బా) తీసి సరిగ్గా అదే చోట అడాప్టర్ కట్టండి. డిష్ ముఖం నేలకు వాలినట్టు కనబడాలె, అప్పుడే అది ఎదురుగ చూస్తది. ఉరుములు మొదలైతే మాత్రం వెంటనే కేబుల్ పీకేయండి.