ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అదే కుర్చీ: డాల్‌గ్లిష్‌ను పిలిచి లివర్‌పూల్ తప్పు చేసిందా?

[తెరపై: రాత్రి దీపాల వెలుగులో యాన్‌ఫీల్డ్ మైదానం. కెమెరా కోప్ స్టాండ్ మీదుగా మెల్లగా కదులుతుంది.]

నమస్కారం.

2010 డిసెంబర్ 29. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్. ప్రత్యర్థి వుల్వ్స్, అప్పటికి లీగ్ పట్టికలో అందరికన్నా కిందనున్న జట్టు. ఆ జట్టు చేతిలోనే లివర్‌పూల్ 1-0తో ఓడిపోతోంది. గోల్‌పోస్టు వెనకనున్న కోప్ స్టాండ్‌లో అభిమానులు ఒక పేరు అందుకున్నారు. మైదానంలో ఆడుతున్నవారెవరి పేరూ కాదది. గీత పక్కన నిలబడ్డ మేనేజర్ రాయ్ హాడ్జ్‌సన్ పేరు అంతకన్నా కాదు. దాదాపు ఇరవై ఏళ్ల కిందట ఆ ఉద్యోగం వదిలి వెళ్లిపోయిన మనిషి పేరు. డాల్‌గ్లిష్.

సరిగ్గా పది రోజులకు ఆయన మళ్లీ లివర్‌పూల్ మేనేజర్ అయ్యారు.

వెళ్లిపోయిన మేనేజర్‌ను తిరిగి పిలవవచ్చా అన్నది ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని వాదన. ఏ క్లబ్బు కష్టాల్లో పడినా ఈ మాట లేస్తుంది. నాకు తెలిసినంతలో ఈ వాదన అన్ని కోణాల్లోనూ, అంత బాధతోనూ జరిగింది కెన్నీ డాల్‌గ్లిష్ విషయంలోనే. నా అభిప్రాయం ముందే చెబుతాను. జనవరిలో ఆయన్ను పిలవడం ముమ్మాటికీ సరైన పని. అసలు తడబాటు మే నెలలో జరిగింది. అదీ డాల్‌గ్లిష్ ఒక్కరి తడబాటు కాదు.

[తెరపై: 1977. ఎర్ర చొక్కాలో ఏడో నంబరు.]

ఆ పేరుకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఈ వాదన అర్థం కాదు. 1977లో సెల్టిక్ నుంచి 4.4 లక్షల పౌండ్లకు ఆయన లివర్‌పూల్‌కు వచ్చారు. అప్పటికి బ్రిటన్ క్లబ్బుల మధ్య అదే రికార్డు ధర. మరుసటి ఏడాది వెంబ్లీలో యూరోపియన్ కప్ ఫైనల్లో క్లబ్ బ్రూజ్ మీద గెలుపు గోల్ ఆయనదే. 1985లో, లివర్‌పూల్ ఫైనల్ ఆడిన హేసెల్ స్టేడియంలో 39 మంది ప్రాణాలు పోయిన ఆ చీకటి రోజుల్లో, 34 ఏళ్ల వయసులో ఆటగాడిగా ఉంటూనే మేనేజర్ బాధ్యత భుజానికెత్తుకున్నారు.

ఒక్క గోల్ దగ్గర ఆగుతాను. 1986 మే 3, చెల్సీ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్. ఆ రోజు గెలిస్తే లీగ్ లివర్‌పూల్‌ది. జిమ్ బెగ్లిన్ పెనాల్టీ ప్రాంతంలోకి బంతిని ఎత్తి వేశాడు. డాల్‌గ్లిష్ దాన్ని ఛాతీ మీదికి తీసుకున్నారు. కిందికి జారిన బంతి నేల తాకకముందే కాలితో కొట్టారు. గోల్‌కీపర్‌ను దాటి వలలో పడింది. 1-0. లీగ్ గెలిచిన గోల్ మేనేజర్ కాలి నుంచే వచ్చింది! వారం తిరిగేసరికి ఎవర్టన్ మీద ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్ కూడా గెలిచారు. మేనేజర్‌గా తొలి సీజన్‌లోనే రెండు ట్రోఫీలు.

కానీ ఆ నగరం ఆయన్ను గుండెల్లో పెట్టుకున్నది గోల్స్ వల్ల మాత్రమే కాదు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట ఇప్పటికి లెక్క ప్రకారం 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలితీసుకుంది. తర్వాతి రోజుల్లో డాల్‌గ్లిష్ అంత్యక్రియలకు వెళుతూనే ఉన్నారు. ఒక్క రోజులో నాలుగింటికి వెళ్లిన రోజూ ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు నిలబడటం ఏ మేనేజర్ ఉద్యోగంలోనూ రాసి ఉండదు. ఆయన నిలబడ్డారు. ఆ భారం ఆయన్ను లోలోపల తినేసింది. 1991 ఫిబ్రవరి 20న ఎవర్టన్‌తో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్ 4-4తో ముగిసింది. రెండు రోజులకు, జట్టు లీగ్‌లో అగ్రస్థానంలో ఉండగానే, రాజీనామా చేశారు.

ఆయన చేతుల మీదుగా 1990లో వచ్చిన లీగ్ టైటిల్ తర్వాత లివర్‌పూల్‌కు అప్పటిదాకా మళ్లీ లీగ్ దక్కలేదు. 2010 డిసెంబర్‌లో కోప్ పిలిచిన పేరు వెనక ఇరవై ఏళ్ల ఎదురుచూపు ఉంది.

[తెరపై: 2010-11 సీజన్ పట్టిక. లివర్‌పూల్ 12వ స్థానం.]

ఇప్పుడు వాదనలోకి వద్దాం.

క్లబ్బు పరిస్థితి ఎలా ఉందంటే, పాత యజమానులు హిక్స్, జిలెట్ చేసిన అప్పుల కారణంగా దివాలా అంచు దాకా వెళ్లి వచ్చింది. 2010 అక్టోబర్‌లో ఇప్పటి యజమానులు 30 కోట్ల పౌండ్లకు కొన్నారు. మైదానంలో ఆట అంతకన్నా దిగులు పుట్టించేది. లీగ్ కప్‌లో నాలుగో అంచె జట్టు నార్తాంప్టన్ చేతిలో యాన్‌ఫీల్డ్‌లోనే పెనాల్టీల్లో ఓటమి. లీగ్‌లో బ్లాక్‌పూల్ చేతిలో అక్కడే ఓటమి. ఇరవై మ్యాచ్‌లకు 25 పాయింట్లు. కింది డివిజన్‌కు పడిపోయే గండానికి నాలుగు పాయింట్ల దూరం.

పిలవాలన్న అభిమానుల మాట సూటిగా ఉండేది: క్లబ్బు అంటే ఏమిటో తెలిసిన మనిషి కావాలి. వద్దన్నవాళ్లేమీ ఆయన మీద ప్రేమ లేనివాళ్లు కాదు. చాలామందికి అందరికన్నా ఎక్కువ ప్రేమ ఉంది కాబట్టే వద్దన్నారు. 1995లో బ్లాక్‌బర్న్‌ను ఛాంపియన్ చేసిన మాట నిజమే, కానీ న్యూకాసిల్‌లో 1998లో పదవి పోయింది, 2000లో సెల్టిక్‌లో కొన్ని నెలలు చేశాక మళ్లీ ఏ జట్టునూ నడపలేదు. ఈ పదేళ్లలో ఆట ఎంతో మారింది. ఆయన విఫలమైతే ఆ పాత జ్ఞాపకం కూడా మసకబారుతుంది, ఆ ఒక్కటైనా మనకు మిగలనివ్వండి అన్నది వాళ్ల వేదన. 1991 తర్వాత పుట్టిన అభిమానులది మరో ఇబ్బంది. వాళ్లకు డాల్‌గ్లిష్ అంటే నాన్న చెప్పిన కథ. కథను నమ్మి జట్టును అప్పగించవచ్చా?

ఈ మాటలన్నీ నాకు న్యాయంగానే అనిపిస్తాయి. అయితే ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. విరిగిన మనసులను ఎవరు కలుపుతారన్నది ఒకటి. వచ్చే మూడేళ్లకు జట్టును ఎవరు కడతారన్నది ఇంకొకటి. మొదటిదానికి 2011 జనవరిలో డాల్‌గ్లిష్‌ను మించిన జవాబు లేదు. రెండోదానికి ఆ జవాబే సరిపోతుందా అని అప్పుడెవరూ విడిగా అడగలేదు.

[తెరపై: ఓల్డ్ ట్రాఫర్డ్, 2011 జనవరి 9.]

కబురు అందేసరికి ఆయన భార్యతో కలిసి గల్ఫ్ ప్రాంతంలో ఓడ ప్రయాణంలో ఉన్నారు. హడావుడిగా వచ్చి ఆదివారం మాంచెస్టర్ యునైటెడ్ మైదానంలో నిలబడ్డారు. రెండో నిమిషంలోనే పెనాల్టీ, గిగ్స్ గోల్. సగం ఆట కాకముందే కెప్టెన్ జెరార్డ్‌కు రెడ్ కార్డు. 1-0తో ఓటమి. తర్వాత బ్లాక్‌పూల్‌లోనూ ఓటమి. వద్దన్నవాళ్ల మాటే నిజమవుతుందేమో అనిపించిన వారమది.

ఆ నెలాఖరున, జనవరి 31న, ఫెర్నాండో టోరెస్ 5 కోట్ల పౌండ్లకు చెల్సీకి వెళ్లిపోయాడు. అభిమానులు గుండె బాదుకున్నారు. అదే రోజు ఇద్దరు వచ్చారు. అయాక్స్ నుంచి లూయిస్ సువారెజ్, సుమారు 2.3 కోట్లకు. న్యూకాసిల్ నుంచి ఆండీ కారల్, 3.5 కోట్లకు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికి వస్తాను.

వారం తిరగకుండానే టోరెస్ కొత్త జట్టుతో స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో మ్యాచ్. మెయిరెలెస్ గోల్‌తో లివర్‌పూల్ 1-0 గెలుపు. మార్చి 6న యాన్‌ఫీల్డ్‌లో యునైటెడ్ మీద 3-1. కౌట్ మూడు గోల్సూ దగ్గర నుంచి తోసినవే. అందులో మొదటిది సువారెజ్ గోల్ గీత వెంబడి ముగ్గురు నలుగురిని దాటుకుంటూ తెచ్చి పెట్టిన బంతి. ఆ రోజు స్టేడియంలో వినిపించిన శబ్దం వుల్వ్స్ మ్యాచ్ నాటి శబ్దం కాదు. దాదాపు అదే ఆటగాళ్లు, అదే గడ్డి, రెండు నెలల తేడా. డాల్‌గ్లిష్ వచ్చాక 18 లీగ్ మ్యాచ్‌లలో 33 పాయింట్లు వచ్చాయి. అంతకుముందు 20 మ్యాచ్‌లకు 25. జట్టు ఆరో స్థానానికి చేరింది.

మే 12న మూడేళ్ల ఒప్పందం చేతిలో పెట్టారు. నేను అప్పట్లో సంతోషంతో ఎగిరిన వాళ్లలో ఒకణ్ణి. ఇప్పుడు వెనక్కి చూస్తే, అక్కడే ఒక్క క్షణం ఆగాల్సింది అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ వేసవిలో ఆటగాళ్లను ఎంచిన తీరు చూడండి. ఫుట్‌బాల్ డైరెక్టర్‌గా డామియెన్ కొమొలీ ఉన్నారు. డౌనింగ్, ఆడమ్, హెండర్సన్, ఎన్రికే వచ్చారు. పక్కల నుంచి క్రాస్‌లు, అంటే గోల్ ముందుకు ఎత్తి వేసే బంతులు, వేసేవాళ్లు, నిలిచిన బంతిని బాగా ఎత్తేవాళ్లు. మధ్యలో తలతో కొట్టడానికి పొడగరి కారల్. కాగితం మీద లెక్క కుదిరింది. మైదానంలో మాత్రం ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఎత్తుగా వచ్చే క్రాస్‌ను ఎదుటి డిఫెండర్లు నేరుగా చూస్తూ అడ్డుకోగలరు. యాన్‌ఫీల్డ్‌కు వచ్చే చిన్న జట్లు తమ పెనాల్టీ ప్రాంతంలో పది మందితో గోడ కట్టేస్తే, ఆ గోడ మీదికి పదే పదే బంతి విసిరినా దారి దొరకదు. నేల మీద బిగువైన చోట ఒకరిద్దరిని తప్పించి దూరగలిగినవాడు సువారెజ్ ఒక్కడే.

ఫలితం సొంత మైదానపు లెక్కలో కనబడుతుంది. 19 లీగ్ మ్యాచ్‌లు: ఆరు గెలుపులు, తొమ్మిది డ్రాలు, నాలుగు ఓటములు. కారల్ సీజన్ మొత్తానికి లీగ్‌లో కొట్టినవి నాలుగు గోల్స్. డౌనింగ్‌కు లీగ్‌లో ఒక్క గోల్ లేదు.

ఇంకో విషయం దాటవేయలేను. 2011 అక్టోబర్‌లో యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను జాతి పేరుతో దూషించాడని విచారణలో తేలి సువారెజ్‌పై ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడింది. క్లబ్బు అతణ్ణి వెనకేసుకొచ్చింది. ఆటగాళ్లు అతడి బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకుని మైదానంలోకి వచ్చారు. నేను ప్రేమించే క్లబ్బు ఆ రోజు తప్పు చేసింది. మనవాడిని కాపాడుకోవడం అనే పాత గుణం, హిల్స్‌బరో తర్వాత నగరాన్ని నిలబెట్టిన ఆ గుణమే, ఇక్కడ ఎదుటి మనిషి గాయాన్ని కనబడకుండా చేసింది.

[తెరపై: వెంబ్లీ. 2012 ఫిబ్రవరి 26.]

అదే సీజన్‌లో లీగ్ కప్ గెలిచారు. కార్డిఫ్ మీద 2-2, పెనాల్టీల్లో 3-2. ఆఖరి పెనాల్టీని గోల్ చేయలేకపోయింది కార్డిఫ్ ఆటగాడు ఆంథొనీ జెరార్డ్, లివర్‌పూల్ కెప్టెన్ స్టీవెన్‌కు దాయాది. ఒకే ఇంటిపేరు, ఒకరికి కప్పు, ఒకరికి కన్నీళ్లు. ఆరేళ్లలో క్లబ్బుకు అదే తొలి ట్రోఫీ.

మే 5న ఎఫ్‌ఏ కప్ ఫైనల్, మళ్లీ వెంబ్లీలో. చెల్సీ 2-1 ఆధిక్యం. 82వ నిమిషంలో కారల్ దగ్గర నుంచి తలతో బలంగా కొట్టాడు. చెల్సీ గోల్‌కీపర్ చెక్ వెనక్కి పడుతూ చేయి చాపి బంతిని పైకి, అడ్డకర్ర మీదికి నెట్టాడు. కారల్ గోల్ అనుకుని రెండు చేతులూ ఎత్తి పరుగు తీశాడు. ఆటగాళ్లు రిఫరీని చుట్టుముట్టారు. బంతి గీత పూర్తిగా దాటిందా? గీతను కొలిచే సాంకేతికత అప్పటికి ఇంగ్లండ్‌లో లేదు. గోల్ ఇవ్వలేదు. ఆ చేయి వేలెడు దూరం వెనకబడి ఉంటే డాల్‌గ్లిష్ కథ మరోలా ముగిసేదని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను అంత దూరం వెళ్లను. లీగ్‌లో జట్టు 52 పాయింట్లతో ఎనిమిదో స్థానంలో, పక్కింటి ఎవర్టన్ కన్నా కింద ముగించింది. మే 16న ఆయన్ను తప్పించారు.

మరి మిగతా చోట్ల? జిదాన్ 2018లో రియల్ మాడ్రిడ్‌ను వదిలి పది నెలలు కాకుండానే తిరిగొచ్చి 2020లో లీగ్ గెలిచారు. అదే క్లబ్బుకు ఆరేళ్ల తర్వాత వచ్చిన ఆన్చెలొట్టి 2022లోనూ, 2024లోనూ ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. మౌరీన్యో చెల్సీకి తిరిగొచ్చి 2015లో టైటిల్ గెలిచి, అదే ఏడాది డిసెంబర్‌లో పదవి పోగొట్టుకున్నారు. కీగన్ 2008 జనవరిలో న్యూకాసిల్‌కు వస్తే ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఆటగాళ్ల కొనుగోలులో తుది మాట తనది కాదని తేలడంతో సెప్టెంబర్‌లోనే తప్పుకున్నారు.

కాబట్టి ఎన్నేళ్లకు తిరిగొచ్చారన్నది నాకు పెద్ద లెక్క కాదు. ఆయన కింద ఎలాంటి జట్టు ఉంది, కొత్తవాళ్లను ఎవరు, ఏ ఆలోచనతో కొంటున్నారు, వీటిని చూస్తాను. మాడ్రిడ్‌లో ఆన్చెలొట్టికి మోడ్రిచ్, బెంజెమా ఎదురుచూస్తూ కనిపించారు. డాల్‌గ్లిష్‌కు వారసత్వంగా అందింది అప్పుల నుంచి అప్పుడే బయటపడ్డ క్లబ్బు, పన్నెండో స్థానం.

ఇందాక గుర్తుంచుకోమన్న అంకెలకు వస్తాను. 3.5 కోట్ల కారల్ 2013లో వెస్ట్ హామ్‌కు వెళ్లిపోయాడు. 2.3 కోట్ల సువారెజ్ 2013-14లో 31 లీగ్ గోల్స్ కొట్టి లివర్‌పూల్‌ను టైటిల్‌కు రెండు పాయింట్ల దూరం దాకా తీసుకెళ్లాడు.

ఇక జోర్డన్ హెండర్సన్. 2011 వేసవిలో సండర్‌లాండ్ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు. డాల్‌గ్లిష్ పొరపాట్లను ఏకరువు పెట్టేవాళ్లు అతడి పేరు తప్పకుండా చెప్పేవారు. 2012 ఆగస్టులో తర్వాతి మేనేజర్ అతణ్ణి ఫుల్‌హామ్‌కు ఇచ్చేయాలని చూస్తే, పోనని చెప్పి ఉండిపోయాడు.

[తెరపై: 2020 జూలై 22. ఖాళీ యాన్‌ఫీల్డ్. కోప్ స్టాండ్‌లో కట్టిన వేదిక.]

ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ వచ్చింది. కరోనా రోజులు కాబట్టి స్టేడియంలో జనం లేరు. పదేళ్ల కిందట ఆ పేరు పాడిన కోప్ మెట్ల మీదే వేదిక కట్టారు. ఆటగాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు. అక్కడ ముఖానికి మాస్కుతో కెన్నీ డాల్‌గ్లిష్ నిలబడి ఉన్నారు. అందరికన్నా చివర కెప్టెన్ వచ్చాడు. కప్పు పైకెత్తింది హెండర్సన్.