గోడకు కన్నం పెట్టే ముందు: అద్దె ఇంట్లో మన బాధ్యత ఎంతవరకు?

[దృశ్యం: శ్రీకాకుళంలో ఓ మేడ మీది పోర్షన్. పడకగది గోడలో గుండ్రంగా సిమెంటు పూసిన మచ్చ. కెమెరా మెల్లగా దగ్గరకు వెళ్తుంది.]

ఈ మచ్చ చూశారా? అరచేతి కన్నా చిన్నది. నేనిచ్చిన అడ్వాన్సులో సగం దీనికే పోయింది.

మే నెల, ఉక్కపోత. ఏసీ పెట్టించుకుంటానని కింద ఉండే ఓనరు గారిని అడిగాను. రిటైర్డ్ మాస్టారు. మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. తల ఎత్తకుండానే "పెట్టించుకో బాబూ, దానికేముంది" అన్నారు. కుర్రాడొచ్చి గంటన్నరలో గోడకు కన్నం పెట్టి, పైపు బయటకు లాగి వెళ్లిపోయాడు. ఆ కన్నం బయట వైపుకు వాలుగా ఉండాలట. మనది లోపలికి వాలింది. వాన కొట్టిన ప్రతిసారీ నీళ్లు పైపు వెంట గోడలోకి దిగాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి కింద మాస్టారి హాల్లో స్లాబు పెచ్చులూడింది.

ఆయన ఒక్క మాట అనలేదు. కానీ తర్వాత కూతురి దగ్గరికని హైదరాబాద్ వెళ్లిపోయారు. ఇల్లు చూసుకోవడానికి కొడుకు వచ్చారు. "మా నాన్నగారు ఒప్పుకున్నట్టు కాగితం ఉందా అండీ?" అని చాలా మర్యాదగా అడిగారు. నా దగ్గరేముంది? మెట్ల మీద అన్న మాట ఉంది.

[స్క్రీన్ మీద: ఆస్తి బదిలీ చట్టం, 1882. సెక్షన్ 108]

మనం అద్దె అంటాం, చట్టం లీజు అంటుంది. నెలకు మూడు వేలిచ్చే గదైనా, ముప్పై వేలిచ్చే బంగళా అయినా లీజే. ఓనరు ఏం చేయాలి, అద్దెకున్నవాళ్లు ఏం చేయాలి అన్నది ఈ 108వ సెక్షన్లో ఉంది. అయితే దాని మొదట్లోనే ఓ మెలిక పెట్టారు: ఇద్దరూ వేరేగా ఒప్పందం రాసుకోకపోతేనే ఈ రూల్స్. అంటే మీ అగ్రిమెంటులో ఏం రాసి ఉంటే దానిదే పైచేయి. మనలో చాలామంది దాన్ని సంతకం పెట్టే రోజు కూడా చదవం. జిరాక్స్ షాపువాడు "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తాడు, మనం గీకేస్తాం.

అన్నట్టు, అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని అందరూ అడుగుతారు. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలంటుంది. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి పదకొండుతో ఆపడం అలవాటైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ తర్వాత ఏడాది లోపు లీజునైనా రిజిస్టర్ చేయించాల్సిందే.

[దృశ్యం: డ్రిల్లింగ్ మిషన్, మేకులు, దోమతెర ఫ్రేము, మడత పెట్టిన రేకు.]

ఇంట్లో మార్పుల సంగతికి వద్దాం. చట్టం ప్రకారం ఓనరు ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. ఉన్నదాన్ని పడగొట్టకూడదు, పాడు చేయకూడదు. ఇల్లు ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల లెక్కలోకి రాదు. సున్నం వెలిసిందనో, కుళాయి వదులైందనో అడ్వాన్సు కోస్తే అడగండి, అది మీ హక్కు.

దేవుడి పటానికి మేకు కొట్టడం ఎవరికీ పట్టదు. కిటికీలకు దోమతెర బిగించినా ఇబ్బంది లేదు. డాబా మీద రేకుల షెడ్డు వేయడం, రెండు గదుల మధ్య గోడ తీసేయడం, బాత్రూములో టైల్స్ మార్చడం వేరే సంగతి. "ఇల్లు బాగుపడుతోంది కదా, ఓనరుకే లాభం" అనుకుంటాం. ఆయన అలా అనుకోవాలని ఎక్కడా లేదు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. మీ ఖర్చుతో బిగించుకున్నవి, ఏసీ కావచ్చు, వంటింట్లో కబోర్డులు కావచ్చు, మీరు విప్పుకుని తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఇల్లు ఇంకా మీ చేతిలో ఉండగానే విప్పాలి, కన్నాలు పూడ్చి పాత రూపానికి తేవాలి. తాళాలు ఇచ్చేశాక "ఆ కబోర్డు నాదండీ" అంటే కుదరదు.

ఓనరు చేయించాల్సిన రిపేరు ఆయన చేయించడం లేదా? ముందు చెప్పండి, తగినంత టైమివ్వండి. అప్పటికీ కదలకపోతే మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని ఇదే సెక్షన్లో ఉంది. చెప్పినట్టు రుజువు మాత్రం ఉండాలి. మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం.

[దృశ్యం: జాతీయ రహదారి పక్కన ఫ్యాక్టరీ బస్సు దిగుతున్న కుర్రాళ్లు.]

పైడిభీమవరం కంపెనీల్లో పని చేసే కుర్రాళ్లు, ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివే పిల్లలు ఇల్లు తీసుకునే పద్ధతి మీకు తెలిసిందే. ఒకడి పేరు మీద అగ్రిమెంటు, లోపల నలుగురు. కొన్నాళ్లకు పేరున్నవాడు చెన్నై వెళ్లిపోతాడు, గది స్నేహితుడికి వదిలేస్తాడు. స్నేహితుడు ఇంకొకడిని తెస్తాడు. ఓనరుకు మొహం తెలిసినవాడు ఒక్కడూ మిగలడు.

1882 చట్టం ప్రకారమైతే, ఒప్పందంలో వద్దని లేకపోతే, అద్దెకున్నవాడు ఇంకొకరికి సబ్‌లీజుకు ఇవ్వొచ్చు. ఇది విని సంబరపడకండి. 1960 నాటి మన రాష్ట్ర పాత రెంట్ కంట్రోల్ చట్టం ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లీజుకిస్తే ఖాళీ చేయించడానికి అదే కారణమంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టానిదీ అదే దారి. అగ్రిమెంట్లలో కూడా ఆ ముక్క దాదాపు తప్పకుండా ఉంటుంది. పైగా సబ్‌లీజుకిచ్చి మీరు వెళ్లిపోయినా ఓనరుకు బాధ్యులు మీరే. అద్దె బాకీ పడితే, తలుపు విరిగితే చెన్నైలో ఉన్న మీకే ఫోనొస్తుంది.

మరి మేనల్లుడు చదువుకోవడానికొచ్చి మన దగ్గరే ఉంటే? అది సబ్‌లీజు కాదు. ఇంటి మీద పట్టు మీరు వదిలేసి, డబ్బు తీసుకుని వేరేవాళ్ల చేతిలో పెడితేనే సబ్‌లీజు. చుట్టాలు నెలల తరబడి కదలకపోతే దానికి ఏ చట్టమూ లేదు.

ఇంకో మాట. ఉండటానికని తీసుకున్న ఇంట్లో బ్యూటీ పార్లర్ పెట్టినా, టిఫిన్ల వ్యాపారం నడిపినా అదీ తప్పే. కరెంటు మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది, తేడా వస్తే నోటీసు ఆయనకే వెళ్తుంది.

[దృశ్యం: పాత ఫోటోలు. విరిగిన కొబ్బరి చెట్లు, ఎగిరిపోయిన రేకులు.]

2014 అక్టోబరులో హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర గులాబ్. ఇన్ని చూసిన మనం బైకుకు ఇన్సూరెన్స్ కడతాం, అదీ పోలీసు ఆపుతాడని. ఇంటికి కట్టం.

తుఫానుకో వరదకో ఇల్లు ఉండటానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు అక్కడితో ముగిసిందనే హక్కు అద్దెకున్నవాళ్లది. గాలికి రేకులెగిరితే వాటిని వేయించే భారం మీ మీద లేదు. కానీ మీరు గ్యాసు స్టవ్ ఆర్పకుండా బజారుకెళ్లి మంటలు లేస్తే ఈ రెండు మాటలూ మీకు వర్తించవు.

ఇంటి కట్టడానికి పాలసీ తీసుకోవాల్సింది ఓనరు. అందులో సామాను కూడా ఉందంటే అది ఆయన సామాను. మీ ఫ్రిజ్జు, టీవీ, మంచాలు, బీరువా మీరే చూసుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అని ఒకే రకం పాలసీ వచ్చింది. ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు అవే. అద్దెకున్నవాళ్లు సామాను వరకే తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. మామూలు దొంగతనం మాత్రం లేదు. ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని వల్లే జరిగిన దొంగతనానికే ఇస్తారు. బంగారానికి విడిగా కవర్ తీసుకోవాలి. అదే పాలసీలో ఇంకో షరతుంది: ఇంటి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల వైశాల్యం, 10 శాతం కన్నా పెంచి కంపెనీకి చెప్పకపోతే ఆ పెంచిన భాగానికి డబ్బు రాదు. డాబా మీద గది వేసుకునే ఓనర్లు వినండి.

[దృశ్యం: ఫోను స్క్రీన్. వాట్సాప్ మెసేజ్ టైపవుతోంది.]

ఇప్పుడు నేనుంటున్న ఇల్లు వేరు. మొన్న ఏసీ బిగించే ముందు ఓనరమ్మకు ఇలా పంపాను: "అమ్మా, పడకగదిలో ఏసీ పెట్టించుకోవాలనుకుంటున్నాను. గోడకు ఒక కన్నం పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు నా ఖర్చుతో పూడ్పిస్తాను. మీకు సరేనా?" గోడ ఫోటో కూడా పెట్టాను.

పావుగంటకు జవాబొచ్చింది. "సరే నాయనా. ఆ గోడకి వద్దు, అందులోంచే ట్యాంకు పైపు దిగుతుంది. కిటికీ పక్క గోడకి పెట్టించు."