ఫిర్యాదు చేతికొచ్చాక

శ్రోతలకు నమస్కారం.

మాదాపూర్‌లోనో అబిడ్స్‌లోనో ఒక ఆఫీసు అనుకోండి. ఒక ఉద్యోగిని తన పై అధికారి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చింది. సాయంత్రానికల్లా ఆఫీసు రెండుగా చీలిపోతుంది. ‘సార్ అలాంటివారు కాదు’ అని కొందరు, ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని కొందరు. విచారణకు ఈ రెండు మాటలూ అక్కరకు రావు.

పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న దుకాణమైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు పెంచవచ్చు.

ఫిర్యాదు ప్రతిని కమిటీ 7 పనిదినాల్లో ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి పంపాలి. ఆయన 10 పనిదినాల్లో జవాబివ్వాలి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. ‘మీ మీద ఒక కంప్లయింట్ వచ్చింది, ఒకసారి రండి’ అని ఫోన్ చేస్తారు. ఏ రోజు, ఏ మాట అన్నారో తెలియనివాళ్లు ఏమని జవాబు చెబుతారు? 2023లో సుప్రీంకోర్టు, గోవాలోని ఒక విశ్వవిద్యాలయం కేసులో, హడావుడిగా సాగిన విచారణ మీద ఆధారపడిన ఉద్యోగ తొలగింపును కొట్టేసింది. అలా కొట్టేస్తే, నిజంగా బాధపడిన మనిషి మళ్లీ మొదటికొస్తుంది. ఆరోపణ ఎదుర్కొన్నవాళ్ల హక్కులు కాపాడటం ఆమెకు అన్యాయం చేయడమని అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇక ఎవరిని నమ్మాలి? ఏడవలేదు, ఆలస్యంగా చెప్పింది, ఆ మర్నాడు కూడా గుడ్ మార్నింగ్ మెసేజ్ పెట్టింది: వీటితో ఏదీ తేలదు. ఉద్యోగం పోతుందన్న భయంలో ఎవరైనా అలాగే ఉంటారు. సీసీ కెమెరా రికార్డింగు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, కాబట్టి దాచి ఉంచమని మొదటిరోజే రాతపూర్వకంగా అడగాలి. స్వైప్ కార్డు లెక్క, క్యాబ్ ట్రిప్ షీటు తెప్పించాలి. వాట్సాప్‌లో ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు, ముందూ వెనకా మొత్తం సంభాషణ చూడాలి. అప్పట్లో ఆమె స్నేహితురాలికో అక్కకో చెప్పుకుందా అన్నదీ అడగాలి.

అడిగే తీరూ ముఖ్యమే. ‘ఒక్కదానివే ఎందుకెళ్లావు?’ అంటే తప్పు ఆమె నెత్తిన పెట్టినట్టే. ‘గదిలోకి వెళ్లాక ఏం జరిగిందమ్మా?’ అంటే ఆమె చెబుతుంది.

రుజువు కాలేదంటే అబద్ధం అని అర్థం కాదు. కావాలని కక్షతో పెట్టిందని విడిగా విచారణలో తేలితే తప్ప ఆమె మీద చర్య తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా ఆమె పనితీరుకు మార్కులు వేసేది అదే అధికారి అయితే, ఆ బాధ్యత మరొకరికి అప్పగించమని కమిటీ సిఫారసు చేయవచ్చు. బదిలీ కానీ, 3 నెలల వరకు సెలవు కానీ ఇప్పించవచ్చు. కానీ వీటిని ఆమె రాసి అడగాలి. అలా అడగవచ్చని కమిటీ సభ్యులు ఫిర్యాదు అందుకున్న రోజే ఆమెకు చెప్పాలి.