ముఖ్యమంత్రి మన ఆఫీసు ఐటీ బాస్ అయితే?

[తెరపై: ఒక ఆఫీసు గది, మొరాయించిన కంప్యూటర్. నెమ్మదిగా గోదావరి డెల్టా వరిచేలలోకి మారుతుంది.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఆఫీసులో పనిచేసిన ప్రతివారికీ ఐటీ విభాగం బాస్ సంగతి తెలుసు. కంప్యూటర్ ఆగిపోయిందని చెబితే "టికెట్ పెట్టండి" అంటారు, అంటే ఫిర్యాదును ఆన్‌లైన్‌లో నమోదు చేయమని. ఒక సోమవారం ఉదయం మనకు అలవాటైన స్క్రీన్ పూర్తిగా మారిపోయి ఉంటుంది. మార్చమని మనలో ఎవరూ అడిగి ఉండరు. ఆ కుర్చీలో ముఖ్యమంత్రిని కూర్చోబెట్టి, కోనసీమలోని ఒక వరి రైతు గట్టు మీద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఊహిద్దాం.

[తెరపై: 2019, 2025 సంవత్సరాలు, కరప గ్రామం పటం.]

నిజానికి ఈ ఊహ మన రాష్ట్రానికి పాతదే. 1990ల చివర్లోనే చంద్రబాబు నాయుడికి 'సీఈవో ముఖ్యమంత్రి' అన్న పేరు వచ్చింది. 2019 అక్టోబర్ 2న కాకినాడ సమీపంలోని కరపలో జగన్మోహన్ రెడ్డి గ్రామ సచివాలయ వ్యవస్థను ప్రారంభించారు. ప్రభుత్వ సేవలు ఇంటికి చేర్చేందుకు ఊళ్లలో సుమారు 50 ఇళ్లకు ఒక వాలంటీర్ అన్న అప్పటి లెక్క ఐటీ బాస్ సహాయకులను నియమించే పద్ధతికి దగ్గరగానే ఉండేది. 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో 'మన మిత్ర' వాట్సాప్‌లోకి వచ్చింది. పార్టీ మారినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ మారింది కానీ, బాస్ ఆలోచన మాత్రం పెద్దగా మారలేదని నాకు అనిపిస్తుంది. ఒక ధ్రువపత్రం కోసం మండల కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తగ్గితే అది మేలే, అందులో వాదన లేదు.

[తెరపై: కల్లంలో ధాన్యం రాశి, పైన బరకం (టార్పాలిన్), ఆకాశంలో మబ్బు.]

చిక్కు ఎక్కడ మొదలవుతుందో సార్వా (ఖరీఫ్ వరి) కోతల సమయంలో కనిపిస్తుంది. ప్రభుత్వం ధాన్యం కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. పంట వివరాలు ఆన్‌లైన్‌లో నమోదై ఉండాలి, వేలిముద్ర పడాలి, సర్వర్ పనిచేయాలి. రైతు సేవా కేంద్రంలో తేమ యంత్రం చూపిన అంకెకూ మిల్లు దగ్గర చూపిన అంకెకూ పొంతన కుదరకపోతే, ఆ తేడా భారం రైతు సంచిలోంచే పోతుంది. ఇన్నేళ్లు కొడవలి, పార పట్టి అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించకపోతే అది రైతు తప్పు కాదు, కానీ "వేలిముద్ర పడలేదు" అన్న మాటలో తప్పంతా ఆ వేలిదే అన్నట్టు వినిపిస్తుంది. ఈలోగా బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే రాశి మీద బరకం, అదే టార్పాలిన్, కప్పుకుని కూర్చోవడమే మిగులుతుంది. అదే సమయంలో బాస్ గది గోడ మీద లెక్కలు చూపే డ్యాష్‌బోర్డు తెరలో, ఆ రైతు వివరాల నమోదు పూర్తయినట్టు పచ్చరంగు వెలుగుతూ ఉండవచ్చు.

[తెరపై: ధవళేశ్వరం బ్యారేజీ, తరువాత సఖినేటిపల్లి వైపు ఒక సన్నని పంట బోదె.]

పచ్చరంగును నమ్మకూడదన్న సంగతి డెల్టాకు కంప్యూటర్ల కంటే ముందే తెలుసు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ మొదట్లో ఎంత నీరు వదిలారో కొలత చూసి చెప్పవచ్చు. ఆ నీరు శివారు చేనుకు చేరిందో లేదో తెలియాలంటే మాత్రం కాలువ నీటిని చూసుకునే లస్కరు గట్టు వెంట నడిచి వెళ్లి చూడాలి. దాళ్వాలో (రబీ వరిలో) నీటి ఎద్దడి వచ్చి వంతులవారీగా నీరు ఇచ్చే రోజుల్లో, కాలువ తల దగ్గరి రైతు లెక్కకూ చివర అంతర్వేది వైపు రైతు లెక్కకూ ఎంత దూరమో చూసినవారు డ్యాష్‌బోర్డును చూసి అంత తేలికగా సంతోషించరు.

[తెరపై: ఓటింగ్ యంత్రం.]

అయితే ఈ పోలికకు ఒక చోట కాలు విరుగుతుంది. ఆఫీసులో ఐటీ బాస్‌ను యాజమాన్యం నియమిస్తుంది, ఉద్యోగులు భరిస్తారు. ఇక్కడ భరించేవారే యజమానులు. 2004లో సీఈవో పేరున్న ముఖ్యమంత్రి ఓడిపోయారు. ఉమ్మడి గోదావరి జిల్లాల 34 శాసనసభ స్థానాల్లో 2019లో 27 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 2024లో ఒక్కటి కూడా దక్కలేదు. ఏ ఐటీ విభాగమూ ఇంత కఠినమైన అభిప్రాయ సేకరణను ఎదుర్కొని ఉండదు.

కానీ ఆ అవకాశం అయిదేళ్లకు ఒకసారి వస్తుంది, వర్షం నవంబరులోనే వస్తుంది. మధ్యలో మిగిలేది సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ. 'పరిష్కరించాం' అని మూసేసిన అర్జీ మళ్లీ తెరుచుకోవడాన్ని అక్కడి ఉద్యోగులు కూడా 'రీఓపెన్' అనే అంటారు; అంటే టికెట్ భాష మన కలెక్టరేట్లకు ఎప్పుడో చేరింది.

[తెరపై: కల్లం దగ్గర మోగుతున్న ఫోన్.]

ఇప్పుడు మన ఊహలోని రైతుకు ఒక ఫోన్ వస్తుంది. రికార్డు చేసిన గొంతు, ధాన్యం కొనుగోలుపై సంతృప్తిగా ఉంటే ఒకటి, లేకుంటే రెండు నొక్కమని చెబుతుంది. ఆయన బరకం అంచు మీద రాయి పెడుతున్నాడు, చేతులు తడిగా ఉన్నాయి. ఏ అంకె నొక్కాలో ఆలోచించేలోగా కాల్ కట్టయింది.