ముందు షట్టర్ సంగతి చూడండి

అందరికీ నమస్కారం. మీ కెమెరా ఆటోలో ఉంటే డయల్‌ను 'ఎం' మీదికి, అంటే అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మీదికి తిప్పండి. ఫోటో నల్లగా వచ్చినా, తెల్లగా పాలిపోయినా ఏం ఫరవాలేదు.

ఎక్స్‌పోజర్ అంటే సెన్సర్ మీద, అదే కెమెరాలో ఫోటోను పట్టే చిప్ మీద, ఎంత వెలుతురు పడుతోందన్న లెక్క. దాన్ని నడిపేవి అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్నది). అలా పడిన వెలుతురును ఫోటోలో ఎంత ప్రకాశంగా చూపాలో ఐఎస్ఓ చెబుతుంది. మూడూ ఒకేసారి పట్టుకుంటే తల తిరుగుతుంది. నన్నడిగితే షట్టర్‌తో మొదలుపెట్టండి. కాస్త చీకటిగా వచ్చిన ఫోటోను తర్వాత సర్దుకోవచ్చు. కదిలిపోయిన ఫోటోను బాగుచేయడం చాలా కష్టం.

ఒక సాయంత్రం మా పాప కిటికీ పక్కన కూర్చుని బొమ్మ గీస్తోంది. ఐఎస్ఓ పెంచితే నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, వస్తుందన్న భయంతో 400 దగ్గరే ఉంచాను. వెలుతురు చాలక షట్టర్ సెకనులో 30వ వంతుకి దిగింది. ముఖం బాగానే వచ్చింది, గీసే చెయ్యి మాత్రం అలికినట్టయింది. వరసగా ఎన్ని తీసినా అంతే. అప్పుడు షట్టర్‌ను 60, 125 దాటించి 250వ వంతుకి తెచ్చాను. అంటే మూడు స్టాపులు. ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమైపోతుంది కాబట్టి మొత్తం మీద ఎనిమిదో వంతే మిగిలింది. దానికి సరిపడా ఐఎస్ఓను 800, 1600, 3200 అని మూడు మెట్లు ఎక్కించాను. నాయిస్ వచ్చింది, నిజమే. కానీ పెన్సిల్ మొన, వేలికి అంటిన రంగు కూడా కనిపించాయి. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందుకే చెబుతున్నాను, ఐఎస్ఓకి భయపడకండి.

అపర్చర్ దగ్గర అందరూ తికమకపడేది అంకెల గురించే. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. ఎందుకంటే అది భాగహారం. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్ 2 అంటే 50ని 2తో భాగించాలి, 25 మిల్లీమీటర్ల రంధ్రం. అదే ఎఫ్ 16 అయితే సుమారు 3 మిల్లీమీటర్లే. పెద్ద రంధ్రంతో వెలుతురు ఎక్కువొస్తుంది, వెనకున్నవి మసకబారతాయి. చిన్నదైతే దగ్గరివీ దూరానివీ చాలావరకు స్పష్టంగా ఉంటాయి.

ఇక మీటర్, అంటే వెలుతురు కొలిచి సూచికతో చూపే కెమెరాలోని ఏర్పాటు. ఎదురుగా ఉన్నది తెలుపో నలుపో దానికి తెలియదు. అన్నింటినీ మధ్యస్థమైన బూడిద రంగుగానే లెక్కేస్తుంది. అందుకే సూచిక సరిగ్గా సున్నా మీద ఉన్నా తెల్ల చొక్కా మాసినట్టు, నల్ల పిల్లి వెలిసినట్టు వస్తాయి. తెలుపు ఎక్కువున్నప్పుడు సూచికను ప్లస్ వైపు, నలుపు ఎక్కువున్నప్పుడు మైనస్ వైపు జరపండి.

ఇప్పుడు మీ ముందున్న తెల్ల కాగితాన్ని ఫ్రేమ్ నిండా పెట్టి, సున్నా దగ్గర ఒకటి, ప్లస్ 1 దగ్గర ఒకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.