అంటువ్యాధుల పరిశోధన: సదస్సు ముగిశాక మిగిలేది

శ్రోతలకు నమస్కారం.

అంటువ్యాధుల మీద జరిగే అంతర్జాతీయ సదస్సుల వల్ల, శిక్షణల వల్ల మనకు ఒరిగేదేమిటన్న ప్రశ్నకు చెన్నైలో జవాబు వెతుక్కోవడం అంత కష్టం కాదు. ఆ జవాబు చెట్‌పెట్‌లో దాదాపు డెబ్బై ఏళ్లుగా పనిచేస్తూనే ఉంది.

1956లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, అప్పటి మద్రాసు ప్రభుత్వం కలిసి ఇక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాయి. ఆ రోజుల్లో క్షయ వచ్చిందంటే శానిటోరియంలో, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రిలో, చేరాలన్నదే వైద్యుల మాట. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం పేరు వినని పెద్దవాళ్లు మనలో అరుదు. కానీ రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లోనే ఉన్న దేశంలో ఇంటి దగ్గరే మందులిస్తే సరిపోతుందా, ఇంట్లో మిగిలినవాళ్లకు జబ్బు అంటుకోదా అన్నవి తేలవలసిన ప్రశ్నలు. డాక్టర్ వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో విదేశీ నిపుణులు, ఇక్కడి వైద్యులు, నర్సులు, ల్యాబ్ సిబ్బంది కలిసి రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఇద్దరికీ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ అనే మందులు ఇచ్చారు. ఒక వర్గానికి శానిటోరియంలో విశ్రాంతి, మంచి తిండి దొరికాయి. రెండో వర్గం మద్రాసు ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితోనే ఉంది. మందు నిజంగా మింగుతున్నారో లేదో తెలుసుకోవడానికి సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. 1959లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇంటి చికిత్స శానిటోరియం చికిత్సకు దాదాపు సమానంగా పనిచేసింది. ఇంట్లోవాళ్లకు అదనపు ప్రమాదమూ కనిపించలేదు. ప్రపంచమంతటా క్షయ చికిత్స ఆసుపత్రి పడక వదిలి ఇంటి గడప దగ్గరకు రావడానికి ఈ అధ్యయనం ఒక ప్రధాన కారణం.

ఇక్కడ నేను ముఖ్యమనుకునేది ఆ ఫలితం ఒక్కటే కాదు. వచ్చిన నిపుణులు రెండు రోజులు ఉపన్యసించి విమానం ఎక్కలేదు. ఏళ్ల తరబడి ఉండి, పక్కన నిలబడి పని నేర్పారు. పరిమిత కాలానికని మొదలైన ఆ కేంద్రాన్ని 1964లో భారత వైద్య పరిశోధన మండలి శాశ్వతంగా తన సంస్థల్లో కలుపుకుంది. నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే.

మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథ దీనికి పూర్తిగా భిన్నం. మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన ఆయన నేతృత్వంలోని ప్రయోగశాలలోనే బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు తయారైంది. ఆ మందు గోదావరి జిల్లాలకు వచ్చింది గానీ ఆయన తిరిగి రాలేదు. ఆయన ప్రతిభ గురించి గర్వపడే మనం, అలాంటివారు పనిచేయగల ప్రయోగశాల ఆనాడు ఇక్కడ ఉందా అని అడగడం మరచిపోతాం.

శిక్షణ అంటే ఏమిటో తెమడ పరీక్షను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. గాజు పలక మీద తెమడను పల్చగా, సమంగా పరిచి, ఆరబెట్టి, ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపాలి, మరగనివ్వకూడదు. తర్వాత ఆమ్లంతో కడిగి, నీలి రంగు అద్దితే, నీలి నేపథ్యంలో క్షయ క్రిములు సన్నని ఎర్రని పుల్లల్లా కనిపిస్తాయి. పొర మందమైనా, కడగడం చాలకపోయినా ఫలితం తారుమారవుతుంది. ఇదంతా పుస్తకంలో ఉంటుంది. ఏ మందాన్ని పల్చన అంటారో మాత్రం చేయి తిరిగిన టెక్నీషియన్ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. అందుకే, మందులకు లొంగని క్షయను గుర్తించే ప్రయోగశాలలకు ఏ మందుకు లొంగుతాయో ముందే తెలిసిన క్రిముల నమూనాలను, ఆ సంగతి చెప్పకుండా పంపి, వాళ్ల జవాబులను సరిచూస్తారు. ఇలా ఇతర ప్రయోగశాలలకు అండగా ఉండే అంతర్జాతీయ రిఫరెన్స్ ప్రయోగశాలల్లో చెట్‌పెట్ ప్రయోగశాల కూడా ఒకటి. ఒకనాడు నేర్చుకున్న చోటే ఇప్పుడు నేర్పుతున్నారు.

మరి సదస్సులు దండగా? కాదు. విఫలమైన ప్రయోగాలను ఎవరూ పత్రికల్లో అచ్చు వేయించుకోరు. అవి టీ విరామంలోనే బయటపడతాయి, ఇంకో ఊరి పరిశోధకుడికి ఏడాది శ్రమను మిగులుస్తాయి. 1986లో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం మద్రాసులో సేకరించిన రక్త నమూనాల్లో హెచ్‌ఐవీ జాడ వేలూరులో బయటపడ్డాక, అమెరికాలోనూ నిర్ధారణ చేయించారు. అటువంటి వేళ సరిహద్దు దాటిన పరిచయాలే పనికొస్తాయి. అయితే నమూనాలు ఇక్కడివి, ప్రశ్న అక్కడిది, వ్యాసంలో మనవాళ్ల పేరు చివరి వరుసలో ఉంటే దాన్ని సహకారం అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో లోటు కూడా ఉంది. సదస్సులకు ఆచార్యులు వెళ్తారు, మంచి సంచి ఒకటి తెచ్చుకుంటారు, అది అటకెక్కుతుంది. స్లైడు చూసే జిల్లా ఆసుపత్రి టెక్నీషియన్‌కు మాత్రం పిలుపు రాదు. చెన్నైలోగానీ బెంగళూరులోగానీ ఇకముందు జరిగే శిక్షణల్లో సగం చోటు ఇలాంటివారికి కేటాయించి, ఆరు నెలల తర్వాత వాళ్లు చూసిన స్లైడ్లను తెప్పించి మళ్లీ పరీక్షిస్తే, ఆ శిక్షణ మీద పెట్టిన ఖర్చు ఎంతవరకు గిట్టుబాటు అయిందో నిర్వాహకులకే తెలుస్తుంది.